పురాణము, నాణెము, పాఠకుడు - ఉత్తర తెలంగాణమున చారిత్రకాద్భుత నవలా పఠనము

చరిత్రము నెఱిగినవానికి చారిత్రక నవల రుచింపదనియు, నవల రుచించినవానికి చరిత్రము పట్టుబడదనియు నొక అభిప్రాయము మన కళాశాలలలో తఱచుగా వినవచ్చుచుండును. చరిత్రశాఖవారు నవలను కట్టుకథ యని త్రోసివేయుదురు. తెలుగుశాఖవారు శాసనములను తమ పని కాదని ప్రక్కకు పెట్టుదురు. ఈ యిరువురి నడుమ విద్యార్థి పుస్తకము చేత పట్టుకొని నిలిచి, 'ఇందున్నది నిజమా, కాదా?' యని యడుగును. ఆ ప్రశ్న తేలికగా కొట్టివేయదగినది కాదు. 'నిజమే' యని బదులు చెప్పినచో చరిత్రమునకు హాని. 'అబద్ధము' అని చెప్పి యూరకున్నచో నవలకు హాని. మూడవ సమాధాన మొకటి కలదా యని విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఇందు పరిశీలింపబడునవి కేవల చారిత్రక నవలలు కావు. రాజవంశములను, దండయాత్రలను, రాజధానులను చరిత్రమునుండి గ్రహించి, వానితో పురాణపురుషులను, మంత్రతంత్రములను, జన్మాంతర సంబంధములను ముడివేసిన నవలలు. సౌలభ్యము కొఱకు వీనిని చారిత్రకాద్భుత నవలలని వ్యవహరించుచున్నాను. పరిశీలనకు గ్రహించిన ప్రాంతము 2016వ సంవత్సరపు పునర్వ్యవస్థీకరణమునకు పూర్వమున్న కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు. దీనికి కారణములు మూడు. ఇతిహాసమును సమకాలిక రాజచరిత్రముతో మేళవించిన మహాకావ్య మొకటి పదవ శతాబ్దిలో ఇచ్చటనే వెలసినది. తెలుగున ఇట్టి నవలలను మాలలు మాలలుగా వెలువరించిన విశ్వనాథ సత్యనారాయణగారు 1959 మొదలు 1961 వరకు కరీంనగరము ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. ఆ తరువాతి దశాబ్దులలో, ఆ నవలలు పాటించిన కాలగణనమునకు ప్రత్యుత్తర మిచ్చుచున్నదా యనునట్లు, అదే జిల్లా మన్ను శాతవాహనుల నాణెములను వెలికి తెచ్చినది. కావ్యము, నవల, నాణెము అను మూడును ఒక్కచోట చేరుటచే ఈ విచారమునకు ఈ ప్రాంతము మిక్కిలి అనువైనది.

వేములవాడ సంప్రదాయము

వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. వారిలో రెండవ అరికేసరి ఆస్థానమున పంపకవి క్రీ.శ. 941లో విక్రమార్జున విజయమను కన్నడ కావ్యమును రచించెను. కథ భారతకథయే. కాని కవి తన ప్రభువగు అరికేసరిని అర్జునునితో అభేదముగా నిలిపెను. పాండవ మధ్యముని పరాక్రమమును వర్ణించు పద్యములందే వేములవాడ ప్రభువు బిరుదములు వినవచ్చుచుండును. ఈ యభేదమును నిర్వహించుటకు కథను మార్చుటకును కవి వెనుదీయలేదు. ద్రౌపది అర్జునునకు మాత్రమే భార్య యైనది. యుద్ధానంతరమున పట్టాభిషేకము అర్జునునకు జరిగినది. ఆతని సరసన పట్టమహిషియై కూర్చున్నది సుభద్ర.

ఆ కావ్యమును వినిన సభాసదులను గూర్చి ఆలోచింపవలెను. వ్యాసుని కథ వారికి తెలియును. తమ యెదుట కూర్చున్న అరికేసరి ఎవరికుమారుడో, ఎవరితో పోరాడెనో వారికి తెలియును. ఆయన ద్వాపరయుగమున గాండీవము ధరింపలేదనియు తెలియును. తెలిసియే వారు సంతోషించిరి. భారతము మాత్రమే తెలిసినవానికి ఆ కావ్యమున సగమే అందును. అరికేసరి చరిత్రము మాత్రమే తెలిసినవానికిని అంతే. రెండును తెలిసి, రెండును ఒకటి కావని యెఱిగి, కవి వానిని ఒకటి చేసిన నేర్పును గమనించినవానికే పూర్ణమైన ఆస్వాదము. కావున ఈ జాతి రచనలలో ఆనందము అజ్ఞానమునుండి పుట్టునది కాదు. రెండు జ్ఞానముల కలయికనుండి పుట్టునది.

దీనికి దృఢమైన సాక్ష్యము పంపని యింటిలోనే కలదు. ఆతని తమ్ముడు జినవల్లభుడు గంగాధర సమీపమున కుర్క్యాల బొమ్మలగుట్ట మీద సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము చెక్కించెను. మనకు లభించిన తొలి తెలుగు కందపద్యము లందున్నవి. అరికేసరి పంపనికి ధర్మపురమను అగ్రహార మిచ్చిన సంగతిని ఆ శాసనము తెలుపుచున్నది. అన్న కావ్యమున అర్జునుడై వెలిగిన ప్రభువే తమ్ముని శాసనమున అగ్రహార మిచ్చిన దాతయై కనబడుచున్నాడు. కావ్యమునకు ఒక న్యాయము, శాసనమునకు వేఱొక న్యాయము అని ఆ సోదరులకు విడమరచి చెప్పవలసిన పని లేకపోయినది. ఒకే యింటివారు ఒకే ప్రభువును రెండు విధముల వ్రాసిరి. ఒకదానిని చూపి మఱియొకదానిని కాదనలేదు.

తరువాత క్రీ.శ. 959లో గంగాధరయందే సోమదేవసూరి యశస్తిలక చంపువును ముగించెను. పిండితో చేసిన కోడిని బలియిచ్చిన దోషముచే యశోధరుడను రాజును, ఆతని తల్లియు పశుపక్షి జన్మము లెత్తిన వృత్తాంత మది. అందలి కథ యద్భుతము. ఆ కావ్యము చివర కవి చెప్పుకొనిన కాలము, ప్రభువు పేరు, స్థలము చరిత్రము. నేటి చరిత్రకారులు వేములవాడ చాళుక్యుల వంశక్రమమును నిర్ణయించుటకు ఈ కావ్యమును నిస్సంకోచముగా వాడుకొనుచున్నారు. కథ యద్భుతమైనంత మాత్రమున గ్రంథము చరిత్రమునకు పనికిరాకపోలేదు. ఏ భాగము దేనికి సాక్ష్యమో విడదీయు వివేకమే వలసినది.

వినెడు కథ, కొలిచెడు కథ

కావ్యము సభవారిది. గ్రామములందును, గూడెములందును కథ మౌఖికముగా నడచినది. ఆదిలాబాదు గోండుల గోత్రపురాణములను ప్రధానులు కీంగ్రి వాయించుచు పాడుదురు. 1940 ప్రాంతమునుండి ఆ గూడెములలో నివసించి పరిశోధించిన హైమెండార్ఫు 1948లో ప్రకటించిన గ్రంథమున ఈ గాథలను, వాని కర్మకాండ సంబంధమును విపులముగా వివరించెను. దేవతలు, గోత్రమూలపురుషులు, రాజులు ఈ గాథలలో ఒకే త్రోవలో నడతురు. పుష్యమాసమున కేస్లాపూరు నాగోబా సన్నిధికి మెస్రం వంశీయులు చేరునపుడు ఆ కథ వారికి గతించిన విషయము కాదు, తమ వంశమునకు హక్కుపత్రము. ఇట్టి కథను 'నిజమా, కాదా?' యని యడుగుటయే పొసగదు. అది కొలువబడు కథ. నవల చదువబడు కథ. మొదటిదానికి వలసినది భక్తి, రెండవదానికి వలసినది సహృదయత్వము. ఈ భేదమును మఱచుటయే అనేక వివాదములకు మూలమని ముందు చూడగలము.

జనశ్రుతి కాలమునెట్లు కలుపునో తెలుపు ఉదాహరణ మొకటి జగిత్యాల సమీపమున నున్న పొలవాస. మేడారము సమ్మక్క గాథలో ఆమెను పెంచిన మేడరాజు పొలవాస ప్రభువు. ఆ గాథలో యుద్ధము ప్రతాపరుద్రునితో. ప్రతాపరుద్రుని పాలనము 1289 మొదలు 1323 వరకు సాగినది. శాసనములు చూచినచో పొలవాస మేడరాజును కాకతి రుద్రదేవుడు జయించినట్లు 1163వ సంవత్సరపు హనుమకొండ శాసనము చెప్పుచున్నది. ఈ రెంటికి నడుమ నూఱేండ్లకు మించిన యంతరము. ప్రజల జ్ఞాపకము రుద్రదేవుని, ప్రతాపరుద్రుని ఒక్క కాకతిరాజుగా కలిపివేసినట్లు తోచును. అయినను ఆ గాథ పొలవాసను మఱువలేదు, మేడరాజును మఱువలేదు, కాకతీయులతో వైరమును మఱువలేదు. తేదీని పోగొట్టుకొని వైరమును నిలుపుకొన్నది. పురాణములు చరిత్రము నెట్లు భద్రపఱచునో, ఎట్లు చెఱపునో ఈ యొక్క గాథ చాలినంత బోధించును.

అచ్చుపుస్తకము వచ్చిన పిదప

నిజాము రాజ్యమున తెలుగు పుస్తకము పాఠశాల ద్వారమున రాలేదు, గ్రంథాలయ ద్వారమున వచ్చినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొన్నవి. ఈ పేర్లు గమనింపదగినవి. గ్రంథాలయమునకు పేరు పెట్టవలసి వచ్చినపుడు ఆనాటివారు చరిత్రములోని రాజులను వెదకికొనిరి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మున్నగువారు హైదరాబాదున స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర గ్రంథములతో పాటు చారిత్రక నవలలను ప్రకటించినది. నవలలకు పోటీలు పెట్టి బహుమతు లిచ్చినది. కేతవరపు వేంకటశాస్త్రిగారి 'రాయచూరు యుద్ధము' వంటివి ఆ ప్రోత్సాహమున వెలసినవే. చరిత్రమును, నవలను ఒక్క సంస్థయే ప్రకటించుటలోని యుద్దేశము స్పష్టము. చరిత్రమును చదివింపవలెనన్నచో ముందు దానియందు రుచి పుట్టింపవలెను.

కరీంనగరము మండలమున చదువుకొన్నవానికి పాఠశాలలో బోధన ఉర్దూలో జరిగెడిది. హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారి విద్యాభ్యాసము ఉర్దూ మాధ్యమముననే సాగినదని లోకవిదితము. ఉర్దూ చారిత్రక నవలకు ఆద్యుడని పేర్గాంచిన అబ్దుల్ హలీం షరర్ కొంతకాలము హైదరాబాదు సంస్థానమున ఉద్యోగము చేసినవాడు. ఆంగ్ల నవలాకర్త వాల్టరు స్కాటు ధర్మయుద్ధములను చిత్రించిన తీరు నచ్చక, దానికి బదులుగా 1888లో ఆయన నవల వ్రాసెను. ఒకరి చరిత్రకల్పనకు మఱియొకరు కల్పనతోనే బదులు చెప్పుట అప్పటికే ఈ దేశమున వాడుకయైనదని దీనిచే తెలియుచున్నది. ఇంట తెలుగు పురాణము, బడిలో ఉర్దూ, గ్రంథాలయమున తెలుగు నవల - ఈ మూడింటి నడుమ పెరిగిన పాఠకునకు ఒకే గతమును పలువురు పలువిధముల చెప్పుదురన్న సంగతి క్రొత్త కాదు. 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను నాల్గవ నిజామాంధ్ర మహాసభ జరిగినపుడు ఇట్టి పాఠకుల తరమొకటి అప్పటికే రూపొందుచుండెను.

ఆ పిమ్మట అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రిగారి 'రుద్రమదేవి' కాకతీయుల కాలమును తెలంగాణ పాఠకుని చేతికందించినవి. బాపిరాజుగారు హైదరాబాదున మీజాను పత్రికకు సంపాదకులుగా నున్నవారు. ఈ నవలలకు అనంతరము వెలుగులోనికి వచ్చిన చందుపట్ల శాసనము, రుద్రమదేవియు ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును 1289లో మరణించిన సంగతిని తెలిపినది. చరిత్రము మారినది, నవల మారలేదు. మారనక్కఱ లేదు కూడ. శాసనము దొరకిన మఱునాడు గోన గన్నారెడ్డిని చదివినవాడు క్రిందటి దినము చదివినవానికంటె తక్కువ సంతోషించునా? సంతోషింపడనుటకు కారణము కనబడదు. 1947లో ఆరంభమైన చందమామ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యంగారి 'తోకచుక్క', 'మకరదేవత' వంటి ధారావాహికలు పిల్లలను ఏ కాలమునకు చెందని రాజ్యములలో త్రిప్పినవి. ఆ పిల్లలెవ్వరును ఆ రాజ్యములను పటములో వెదకలేదు. పెద్దలకు సిద్ధాంతముతో చెప్పవలసినదానిని పిల్లలు సహజముగానే నేర్చికొనిరి.

విశ్వనాథవారి మాలలు

1956లో ఏర్పడిన కరీంనగరము కళాశాలకు విశ్వనాథవారు అధ్యక్షులై వచ్చునాటికి 'వేయిపడగలు' వెలసి పాతికయేండ్లు కావచ్చినది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయ బహుమతిని బాపిరాజుగారి 'నారాయణరావు'తో కలసి పొందిన ఆ నవలను, ఈ మండలముననే వంగరలో పెరిగి మంథనికి శాసనసభ్యులైన పి.వి. నరసింహారావుగారు 'సహస్రఫణ్' అను పేర హిందీలోనికి తెచ్చిరి. ఈ ప్రాంతపు పాఠకుడు విశ్వనాథవారి నెంత శ్రద్ధతో చదివెనో చెప్పుటకు ఈ యొక్క నిదర్శనము చాలును.

1960 ప్రాంతమున విశ్వనాథవారు చారిత్రకాద్భుత నవలల నొక దాని వెనుక నొకటిగా వెలువరించిరి. పురాణవైర గ్రంథమాలలో 'భగవంతునిమీది పగ' మొదలు పండ్రెండు నవలలు. నేపాళ రాజవంశములకు సంబంధించి ఆఱు, కాశ్మీర రాజవంశములకు సంబంధించి ఆఱు. మొత్తము ఇరువదినాలుగు. 'నాస్తికధూమము', 'నందో రాజా భవిష్యతి', 'చంద్రగుప్తుని స్వప్నము', 'పులిమ్రుగ్గు', 'నాగసేనుడు', 'హెలీనా', 'దిండుక్రింది పోకచెక్క', 'పాతిపెట్టిన నాణెములు' అను పేర్లు చదివినంతనే పాఠకునకు వాని స్వభావము కొంత తెలియును. ఒక పేరున రాజు, ఒక పేరున మంత్రము, ఒక పేరున యవనకాంత, ఒక పేరున ఇంటిలోని చిన్న వస్తువు.

ఈ నవలలు చదువునపుడు కలుగు సుఖమేది? మొదటిది కాలవిస్తారము. ఒక నవలలో ఒక మనుష్యుని జీవితము చూచుటకు అలవాటుపడిన పాఠకుడు ఇచ్చట వంశములు పుట్టి గిట్టుటను చూచును. భారతయుద్ధము ముగిసిన పిదప ఏమి జరిగెనన్న ప్రశ్న, పురాణము విన్న ప్రతి బాలుని మనసున కలుగునది. పురాణము అచ్చట రాజుల జాబితా నిచ్చి ఊరకుండును. నవల ఆ జాబితాలోని పేర్లకు ప్రాణము పోయును. రెండవది పరిచయసుఖము. ఒక నవలలో వినిన పేరు మఱియొక నవలలో ఎదురైనపుడు దూరదేశమున స్వగ్రామస్థుడు కనబడినట్లుండును. మూడవది వక్త కంఠము. విశ్వనాథవారు నవలలను ఆశువుగా చెప్పి వ్రాయించుట ప్రసిద్ధము. అందుచే ఆ వచనమున పుస్తకము కంటె పురాణకాలక్షేపమే ఎక్కువగా వినబడును. కథ నిలిచి చర్చ సాగును, చర్చ నిలిచి హాస్యము సాగును, పాఠకుడు విసుగుకొనబోవుచుండగా కథ మరల అందుకొనును. నాల్గవది అద్భుతము. మంత్రసిద్ధులు, రూపాంతరములు, ఇతర జన్మల వాసనలు రాజకీయముతో కలసి నడచును. నందుడు గాని చంద్రగుప్తుడు గాని పాఠ్యపుస్తకమున తేదీతో కూడిన పేరు మాత్రము. ఇచ్చట వానికి భయము, ఆశ, కల కలవు.

అయినను ఈ మాలకు మఱియొక పార్శ్వము కలదు. విశ్వనాథవారు తాము కట్టుకథలు మాత్రమే చెప్పుచున్నామని చెప్పలేదు. పాశ్చాత్య పండితులు భారతదేశ చరిత్రమును వికృత మొనర్చిరనియు, పురాణములందలి వంశక్రమమే సత్యమనియు వారి దృఢవిశ్వాసము. అందులకై కోట వేంకటాచలంగారి కాలనిర్ణయమును ఆధారముగా గొనిరి. ఆ నిర్ణయము ప్రకారము భారతయుద్ధము క్రీ.పూ. 3138లో జరిగినది. యవనులు చెప్పిన సాండ్రకోటసు మౌర్య చంద్రగుప్తుడు కాడు, గుప్తవంశపు చంద్రగుప్తుడు. శాతవాహనుల రాజ్యము క్రీ.పూ. నాల్గవ శతాబ్ది నాటికే ముగిసిపోవును. పంపకవి సభాసదులను ఇట్టి విశ్వాసమేదియు కోరలేదు. విశ్వనాథవారు పాఠకుని ఆనందింపుమనుటతో ఆగక విశ్వసింపుమనియు కోరిరి. చిక్కంతయు ఇచ్చట కలదు.

శతాబ్దులు పరాయిపాలనమున నుండి, తన చరిత్రమును ఇతరుల నోట విన్న జాతికి ఈ పిలుపు ఎంత ఆకర్షకమో గుర్తింపక తప్పదు. ఉర్దూ బడిలో ఢిల్లీ సుల్తానుల వరుస వల్లించి, తెలుగు కళాశాలకు వచ్చిన కరీంనగరము యువకునకు తన నేలపై వేల యేండ్ల రాజపరంపర కలదని వినుట కేవల వినోదమై యుండదని ఊహింపవచ్చును. పాఠకుని ఆ యాకాంక్షను తక్కువచేసి మాటలాడుట న్యాయము కాదు. కాని ఆకాంక్ష సాక్ష్యము కాజాలదు.

మన్నుచెప్పిన మాట

సాక్ష్యము కొఱకు దూరము పోనక్కఱలేదు. గోదావరిలో పెద్దవాగు కలియుచోట నున్న కోటిలింగాలలో 1970 తరువాతి యేండ్లలో నాణెములు బయల్పడినవి. పురావస్తుశాఖ తరఫున వి.వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యమున త్రవ్వకములు జరిగినవి. గోభద, నారన, కంవాయ, సమగోప యను పూర్వపాలకుల నాణెములును, చిముక సాతవాహనుని పేరుగల నాణెములును లభించినవి. పురాణములు ఆంధ్రరాజుల వరుసలో మొదట చెప్పు శిశుకుడు, సింధుకుడు అను పేర్లు ఈ చిముకునివే యని పలువురు పరిశోధకులు గుర్తించిరి.

ఇచ్చట ఒక వింత గమనింపవలెను. పురాణము వట్టి కల్పన యన్నవారికి ఈ నాణెము సమాధానము చెప్పినది. పురాణము చెప్పిన రాజు పేరు మన్నులో దొరకినది. పురాణపు కాలగణనము యథాతథముగా సత్యమన్నవారికిని మన్ను సమాధానము చెప్పినది. అదే జిల్లాలో పెద్దబంకూరున శాతవాహనుల నాణెములతో పాటు రోమక చక్రవర్తులగు ఆగస్టసు, టైబీరియసుల నాణెములును దొరకినవి. ఆగస్టసు మరణించినది క్రీ.శ. 14లో, టైబీరియసు మరణించినది క్రీ.శ. 37లో. శాతవాహనులు క్రీ.పూ. నాల్గవ శతాబ్దిలోనే అంతరించియుండినచో ఈ సాంగత్యము పొసగదు.

సాండ్రకోటసు విషయమును ఇట్లే. 1793లో విలియం జోన్సు ఆతనిని మౌర్య చంద్రగుప్తునిగా గుర్తించినపుడు అది ఊహ మాత్రమే. కాని అశోకుని పదమూడవ శిలాశాసనమున అంతియోకుడు, తురమాయుడు, అంతికినుడు, మగుడు, అలికసుందరుడు అను ఐదుగురు యవనరాజుల పేర్లు కలవు. వీరు క్రీ.పూ. మూడవ శతాబ్ది వారని వారి దేశచరిత్రములవలన తెలియును. అశోకుడు ఆ శతాబ్ది వాడైనపుడు ఆతని తాత అంతకు ఎంతో ముందు వాడు కాజాలడు. ఈ శాసనపాఠము తెలుగునేలమీద కర్నూలు మండలపు ఎఱ్ఱగుడి బండలమీదను చెక్కబడియున్నది. దీనిని పాశ్చాత్యులు చెప్పిన మాట యని త్రోసివేయ వీలులేదు. ఇది అశోకుడు తానే చెప్పిన మాట.

ఆస్వాదన స్వరూపము

అట్లయినచో పురాణవైర గ్రంథమాలను ఏమి చేయవలెను? కాలగణనము నిలువలేదు గనుక నవలలును నిలువవనుట తొందరపాటు. ఇచ్చట మన ఆలంకారికులు దారి చూపుదురు. నటుని యందు రాముని చూచు ప్రేక్షకుని జ్ఞానమును వివరించుటకు శ్రీశంకుకుడు చిత్రతురగ న్యాయమును చెప్పెను. పటమునందలి గుఱ్ఱమును చూచి 'ఇది గుఱ్ఱము' అందుము. అది సత్యజ్ఞానము కాదు, మిథ్యాజ్ఞానము కాదు, సంశయము కాదు, సాదృశ్యజ్ఞానమును కాదు. ఈ నాలుగింటికిని వేఱైనది. ఆ గుఱ్ఱమునకు గడ్డి వేయుటకు పోవువాడు మూఢుడు. గుఱ్ఱమే కాదని పటమును చించువాడును అట్టివాడే. పురాణవైర నవలలను చరిత్రమని పరీక్షలో వ్రాయువాడు మొదటి కోవకు చెందినవాడు. కాలగణనము తప్పు గనుక చదువననువాడు రెండవ కోవకు చెందినవాడు.

కథావస్తువును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని ధనంజయుడు మూడుగా విభజించెను. మిశ్రమునకు ప్రత్యేకముగా స్థాన మిచ్చుటలోనే మన పూర్వుల వివేకము కలదు. చారిత్రకాద్భుత నవల మిశ్రజాతి. రసమునకు అనుగుణముగా లేని పూర్వకథను కవి మార్చుకొనవచ్చుననియు, జరిగినదానిని చెప్పుట ఇతిహాసమే నిర్వహించుననియు ఆనందవర్ధనుని యాశయము. దీనికి తలక్రిందుగా, కవి మార్చిన కథ ఇతిహాసపు పనిని నిర్వహింపలేదనుటయు అంతే సత్యము. కవికిచ్చిన స్వేచ్ఛకు ఇది మూల్యము.

ఇతర దేశములలోను ఈ విచారము జరిగినది. ఆంగ్లకవి కోలరిడ్జి 1817లో, పాఠకుడు తన అవిశ్వాసమును ఇచ్ఛాపూర్వకముగా కొంతసేపు ప్రక్కనుంచునని చెప్పెను. 1954, 1955 సంవత్సరములలో తన మహాద్భుత నవలను ప్రకటించిన టోల్కీను ఆ వివరణముతో తృప్తిపడక, కథాలోకము లోపల దాని నియమములకు అనుగుణముగా నున్నదంతయు పాఠకునకు సత్యముగా తోచుననియు, ఆ పొందిక చెడినపుడే అవిశ్వాసము తలయెత్తుననియు నిరూపించెను. ఇంచుమించు అదే కాలమున తమిళమున కల్కి 'పొన్నియిన్ సెల్వన్' ద్వారా చోళుల చరిత్రమును ఇంటింటి కథగా మార్చెను. విశ్వనాథవారి మాల ఈ ఇరువురి త్రోవల నడుమ నిలుచును. కల్కివలె చరిత్రములోని పేర్లు, టోల్కీనువలె సొంత కాలగణనము. కోట వేంకటాచలంగారి తేదీలను ఆ కథాలోకపు నియమములుగా గ్రహించినచో నవలలు లోపల పొందికగనే నడచును. అవే తేదీలను బయటి లోకమునకు తెచ్చినపుడు పెద్దబంకూరు నాణెములు అడ్డుపడును. తప్పు తేదీలో లేదు, దానిని ఏ లోకమున నుంచితిమన్నదానిలో కలదు.

రచయిత తన తేదీలను నమ్మెను గదా, పాఠకుడు నమ్మకుండుట ఆయన కన్యాయము కాదా యని శంక కలుగవచ్చును. కాదు. కవి విశ్వాసము కావ్యమునకు బలమిచ్చును. కాని పాఠకునకు అప్పుగా సంక్రమింపదు. జైనుడైన సోమదేవుని చదువుటకు పాఠకుడు జైనుడు కానక్కఱలేదు. అయితే ఆ విశ్వాసమును తెలియకుండ చదువుటయు లోపమే. పురాణవైర గ్రంథమాలలోని ఆవేశము, వ్యంగ్యము, ఎదిరి పక్షముపై కోపము ఎచ్చటనుండి పుట్టినవో తెలిసినపుడే ఆ వాక్యముల వేడి మనకు తగులును.

అధ్యాపకుని కర్తవ్యము

ఈ విచారమునకు ఆచరణములో ఫలితము లేకున్నచో ప్రయోజనము తక్కువ. కరీంనగరము, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాదు ప్రాంతముల కళాశాలలలో పురాణవైర నవలను బోధించునపుడు అధ్యాపకుడు మూడు పనులు చేయవచ్చును. మొదట నవలను నవలగా చివరివరకు చదివింపవలెను. నడుమ తేదీల తగవు తీసికొని రాకూడదు. తరువాత విద్యార్థులను కోటిలింగాలకు, కుర్క్యాల బొమ్మలగుట్టకు కొనిపోయి, నేలను రాతిని చూపవలెను. ఈ స్థలములు ఆ కళాశాలలకు ఒక్కదినపు ప్రయాణమున నున్నవి. చివరకు, నవల చెప్పినదేది, నాణెము చెప్పినదేది, రెండును ఎచ్చట కలిసినవి, ఎచ్చట విడినవి అని వారిచేతనే వ్రాయింపవలెను.

పరిశోధక విద్యార్థులకును ఇచ్చట పని కలదు. ఉత్తర తెలంగాణపు శాఖా గ్రంథాలయములలో ఈ నవలల పాత ప్రతులను పరిశీలించి, ఏ నవల ఎన్ని చేతులు మారినదో, అంచులలో పాఠకులు ఏమి వ్రాసికొనిరో సేకరింపవచ్చును. పొలవాస గాథవలె కాలములను కలిపిన జనశ్రుతులను శాసనములతో సరిపోల్చవచ్చును. నార్నూరు మండలమున గుంజాలలో గోండి లిపి వ్రాతప్రతులు లభించిన పిదప, మౌఖికమని భావించిన సంప్రదాయమునకు లిఖితరూపమును కలదని తెలిసినది. అందలి గాథలకును, తెలుగు అద్భుత కథలకును గల సంబంధ మింకను పరిశీలింపదగియున్నది.

విద్యార్థి వేయు 'నిజమా, కాదా?' యను ప్రశ్నకు మూడవ సమాధానము కలదనుట ఇంతవరకు చెప్పినదాని సారము. ఆ సమాధాన మిది: నవలలోని నిజమును నవలలో వెదకుము, నేలలోని నిజమును నేలలో వెదకుము, ఒకదానిచేత మఱియొకదానికి సాక్ష్యము చెప్పింపకుము. పంపని యన్నదమ్ములు వేయేండ్ల క్రిందట ఈ నియమమును శాస్త్రముగా చెప్పకయే పాటించిరి. చిముకుని నాణెమును చూచిన కన్నులతో 'నందో రాజా భవిష్యతి' చదువు విద్యార్థికి ఆ నవల మునుపటికంటె తక్కువ కాదు, ఎక్కువ రుచించును. ఏలయన ఆతనికిపుడు రెండు కథలు తెలియును.